మీ మిషనుకో దండం, ఉంటానమ్మా

ఈమధ్య నేను దిద్దించిన తెలుగు అక్షరాలతో, నేను చెప్పింది చెప్పినట్టు రాయి. మధ్యలో ఇంగ్లీషు పెట్టి బాగుచెయ్యకు. ఆ ఆఫీసులో మన మాటల్ని ఇంగ్లీషులో పెట్టి బాగుచేసినందుకే కదా ఇంత కథ జరిగింది.

నీకు ఉద్యోగం వచ్చిన కొత్తలో కలకత్తాలో మన వాట్‌గంజ్ సందులో నీ అంత గొప్పది లేదు. మెడలో తాడు, తాడుకి కార్డు, కార్డు మీద నీ ఫొటో. డాక్ క్వార్టర్స్ వాళ్ళంతా "సాల్ట్ లేక్ ఆఫీసు పిల్ల" అనేవారు. మీ తాతయ్య ఉండి ఉంటే డాక్‌లో ఒక్కో క్రేన్‌కీ పేరుపేరునా చెప్పి వచ్చేవారు. ఎండలో నిలబడి చెయ్యి ఊపి ఓడల్లోంచి పెట్టెలు దింపించిన మనిషి ఆయన. చల్లటి గదిలో కూర్చుని ఫోన్లో మాట్లాడితే జీతం ఇస్తారంటే నమ్మేవారు కాదు. నేను నమ్మాను. ఫోన్లో మాట్లాడ్డం మన ఇంట్లో ఆడవాళ్ళందరికీ వచ్చిన విద్యే కదా అనుకున్నాను.

కొన్నాళ్ళకి నీ ముఖం మారింది. ఆదివారం మధ్యాహ్నం నుంచే మారేది. చర్చిలో పాస్టరుగారి ప్రసంగం ఎప్పుడు అయిపోతుందా అని అందరూ గడియారం చూస్తుంటే, ఇంకాసేపు చెప్తే బాగుండునని కోరుకున్న మనిషి మన తెలుగు చర్చి పుట్టాక నువ్వొక్కదానివే. ప్రసంగం అయిపోతే భోజనం, భోజనం అయిపోతే సాయంత్రం, సాయంత్రం అయిపోతే సోమవారం. తిండి తగ్గింది. నవ్వు పూర్తిగా పోయింది. నీ నవ్వు సంగతి నీకు తెలీదు, అప్పుడు చిన్నదానివి. ప్రార్థన మధ్యలో ఒకసారి పట్టుకుందంటే ఆగేది కాదు. నిన్ను చంకనేసుకుని బయటికి మోసుకుపోయేవాళ్ళం. గేటు దాటినా వినబడేది. అలాంటి పిల్ల మూగదైపోయింది.

ఒకరోజు వచ్చి చెప్పులు విప్పకుండానే కూర్చుండిపోయావు.

"అమ్మమ్మా, ఫోన్లో చదవాల్సిన మాటలు ఇక నుంచి తెలుగులో రాసి పంపుతారంట. నాకు మాట్లాడ్డం వచ్చు గానీ చదవడం రాదు కదా. దాదా నా మీద అరిచాడు."

"ఏటుందే అందులో?"

"చదవడం రాదంటే ఏటుందో నాకెలా తెలుస్తాది?"

"అయితే నన్ను తీసుకుపో, నేను చదివిపెడతాను" అన్నాను. వెటకారానికి అన్నాను. డాక్ పక్కన చిన్న బడిలో నా వయసంతా తెలుగు అక్షరాలు దిద్దించాను. పిల్లలు తగ్గిపోయి, ఆఖరికి నేనూ నల్లబల్లా మిగిలాక బడి మూసేశారు. అప్పట్నుంచి నేను చదివిపెడతానంటే అడిగినవాడు లేడు. నువ్వు ఆ వెటకారం తీసుకెళ్ళి దాదాకి చెప్పావు. కలకత్తాలో తెలుగు చదివే మనిషి ఎక్కడా దొరక్క దాదా అప్పటికే తల పట్టుకుని ఉన్నాడు. పిలిచారు.

దాదా అంటే ఎవరో చదివేవాళ్ళకి చెప్పాలి కదా. దాదా అంటే మా ఇద్దరి మీదా పెద్ద, టీమ్ లీడరు, బెంగాలీ అబ్బాయి. నా చిన్నకొడుకు కంటే చిన్నవాడు. నన్ను మాసీమా అనేవాడు, అంటే పిన్నిగారు. మంచివాడే, కడుపులో గ్యాస్ ఒకటే బాధ. బల్ల సొరుగు నిండా గ్యాస్ మాత్రలు. పైనుంచి ఫోన్ వస్తే ఒకటి, పెట్టేస్తే ఒకటి, పల్లీల్లా నమిలేవాడు.

ఇంటర్వ్యూ చేసింది హెచ్ఆర్ పిల్ల. ఢిల్లీ వైపు పిల్ల, ముఖం నిండా నవ్వు, కళ్ళల్లో మాత్రం లేదు. "ఐదేళ్ళ తర్వాత మిమ్మల్ని మీరు ఎక్కడ చూసుకుంటున్నారు?" అని హిందీలో అడిగింది. నేను నిజమే చెప్పాను. "ప్రభువు చిత్తమైతే వాట్‌గంజ్‌లో. లేకపోతే ఆయన దగ్గర." ఆ పిల్ల తల ఊపి ఏదో రాసుకుంది. ఏం రాసిందే అని నిన్ను అడిగితే, పై స్థాయికి వెళ్ళాలనే తపన ఉంది అని రాసిందన్నావు.

అలా అరవై దాటాక నా మెడలో కూడా తాడు పడింది.

ఖిదిర్‌పూర్ నుంచి ఆఫీసు బస్సు. ఆ బస్సులో మొదటిరోజు నేను అందరికీ నమస్కారం పెట్టాను. ఎవ్వరూ పలకలేదు. అందరి చెవుల్లోనూ వైర్లు, అందరి కళ్ళూ మూతలు. శవయాత్రలో కూడా ఇంతకన్నా కబుర్లు ఉంటాయి. ఆఫీసు గోడ మీద పెద్ద అక్షరాలు. నువ్వు చదివి చెప్పావు: మనమంతా ఒక కుటుంబం. బాగుంది అనుకున్నాను. కాసేపటికి బాత్రూంకి లేచాను. లేవగానే నా ముందున్న తెరమీద గడియారం ఎర్రగా పరిగెట్టడం మొదలెట్టింది. ఏదో పాడుచేశాననుకున్నాను.

"కాదు అమ్మమ్మా, సీట్లోంచి లేచినంతసేపూ లెక్కపెడతాది."

నేను తిరిగొచ్చి దాదాని అడిగాను. "అదేటి దాదా, ఏ కుటుంబంలో బాత్రూంకెళ్తే గడియారం పెడతారు?"

దాదా అటూ ఇటూ చూశాడు. "ఆస్తే, మాసీమా, ఆస్తే!" అన్నాడు. మెల్లగా మాట్లాడమని. ఒక మాత్ర వేసుకున్నాడు.

అక్కడ ఎవరిని ఎలా ఉన్నావని అడిగినా "అంతా బాగుంది" అనేవాళ్ళు. బాగుండకపోతే మెట్ల దగ్గరికి వెళ్ళేవాళ్ళు. లిఫ్టు ఉంది కాబట్టి మెట్లు ఎవరూ ఎక్కరు, అందుకని ఏడవడానికి ఆ చోటు పెట్టుకున్నారు. నాకు తెలీక టీ గ్లాసు పట్టుకుని వెళ్ళాను. ఒక అబ్బాయి గోడకి ఆనుకుని ఏడుస్తున్నాడు. "కానియ్యి బాబూ, నేను తర్వాత వస్తాను" అని వెనక్కి వచ్చేశాను. ఇక శుక్రవారం సాయంత్రం అయితే ఆనందం. బెలూన్లు కడతారు, పాట పెడతారు, వచ్చినవాళ్ళ పేర్లు రాసుకుంటారు. ఆనందానికి హాజరు వేసుకోవడం నేను అక్కడే చూశాను. మా బడిలో కూడా హాజరు వేసేదాన్ని గానీ, అది పాఠానికి.

మన పని ఏమిటంటే, ఆ కంపెనీ నీళ్ళు శుద్ధి చేసే మిషన్లు అమ్ముతుంది. కొన్నవాళ్ళు ఏడాదికోసారి చందా కడితే మెకానిక్కు వచ్చి బాగుచేస్తాడు. రాడు. రాకపోతే మండిపోయి, చందా రద్దు చెయ్యమని ఫోన్ చేస్తారు. వాళ్ళని రద్దు చేసుకోకుండా ఆపాలి. ఆంధ్రా నుంచి చేసేవాళ్ళందరూ తెలుగు డెస్క్‌కి వస్తారు. తెలుగు డెస్క్ అంటే ఇద్దరం, నువ్వూ నేనూ.

వాళ్ళు రాసి పంపినదాన్ని నేను చదివి చెప్తుంటే నువ్వు ఫోన్లో అప్పగించేదానివి. అయినా జనం ఆగేవారు కాదు. దాదాకి పైనుంచి అక్షింతలు, నీకు దాదా నుంచి అక్షింతలు. నీ ఉద్యోగం ఇంకా పక్కా కాలేదు. ఎవరైనా ఒక్క మాటంటే తీసెయ్యచ్చు. నీ ఉద్యోగం పక్కా కావాలని, నీ నవ్వు తిరిగి రావాలని, రెండూ ఒకే ప్రార్థనలో కలిపి అడిగేదాన్ని. ఆ రెండింటికీ పడదని నాకప్పుడు తెలీదు. ఆయనకి తెలుసు.

ఒకరోజు బొబ్బిలి వైపు నుంచి ఒక పెద్దాయన ఫోన్ చేశాడు.

"ఏటమ్మా, మిసను ఎట్టిన కాడ్నించీ నీల్లు రాట్లేదు. మెకానిక్కుని పంపండంటే ఒక్కడూ రాడు."

నేను కాగితంలో ఉన్నది చదివాను. "మీకు కలిగిన అసౌకర్యానికి మిక్కిలి చింతిస్తున్నాము."

"ఏటి సింత? నాకు సింతా వద్దు, సింతపండూ వద్దు. రద్దు సేసీయండి."

వెంటనే వదలకూడదు, కాగితంలో తర్వాతి మాట చదవాలి. "మీ కుటుంబం ఆరోగ్యంగా ఉండాలన్నదే మా కోరిక."

"మా కుటుంబం నూతినీల్లు తాగి రాయిలాగుంది. మీ కుటుంబం సంగతి సూసుకోండి ముందు."

నేను తలెత్తి మన కుటుంబాన్ని చూశాను. దాదా మాత్ర నములుతున్నాడు. మెట్ల వైపు ఒకరు వెళ్తున్నారు, ఒకరు కళ్ళు తుడుచుకుంటూ వస్తున్నారు. ఆ పెద్దాయన మాట సబబుగానే ఉందనిపించింది. కాగితం పక్కన పెట్టేశాను. ఏ ఊరు బాబూ అని అడిగాను. మా అమ్మగారిదీ అటువైపే అన్నాను. ఆ సంవత్సరం మామిడి ఎలా కాసిందో అడిగాను. అన్నీ అయ్యాక, "సరే బాబూ, రద్దుకి రాసి పంపుతాను" అన్నాను.

"నీ నోరు మంచిదమ్మా. మీ మిసనుకో దండం. ఉంటానమ్మా" అని పెట్టేశాడు.

నేను రాసి పంపాను. మన పని పంపడం వరకే. రద్దు చేసేది ఇంకెక్కడో వేరే ఊళ్ళో. అక్కడికి వెళ్ళింది నెలల తరబడి పడి ఉంటుంది, వాళ్ళదీ కుటుంబమే కదా.

ఆ తర్వాత ఒక సోమవారం దాదా పరిగెత్తుకుంటూ వచ్చాడు. నేను మంటలనుకుని చెప్పులు వెతుక్కున్నాను.

"మాసీమా! ఫస్ట్! తెలుగు డెస్క్ ఫస్ట్!"

కంపెనీవాళ్ళు కొత్తగా ఒక కంప్యూటర్ మాయ కొన్నారు. అది అన్ని భాషల ఫోన్లూ విని, ఇంగ్లీషులోకి మార్చి, కస్టమరు ఆఖరి మాటని బట్టి ఉండిపోయాడా, పోయాడా అని తేలుస్తుంది. ఆ మాయ లెక్కలో దేశం మొత్తం మీద మనమే మొదట. మనతో మాట్లాడినవాళ్ళు ఇంచుమించు అందరూ ఉండిపోయారట! నువ్వూ నేనూ ముఖాలు చూసుకున్నాం. దేవుడి కృప అనుకున్నాం. ఏం చేస్తాం, మనవాళ్ళు నోటితో తిడతారు గానీ మనసు మెత్తన అనుకున్నాం.

కేకు కోశారు. నా నెత్తిన అట్ట కిరీటం పెట్టారు. ఢిల్లీ వైపు నుంచి పెద్ద మేడమ్ గోడంత తెరమీద కనబడి, మీ రహస్యం ఏమిటని అడిగింది. "ఏముందమ్మా, వాళ్ళు చెప్పేది వింటాం" అన్నాను. నువ్వు ఇంగ్లీషులో చెప్పావు. గది అంతా చప్పట్లు. మర్నాటికి గోడ మీద "వినండి" అని ఇంగ్లీషులో వెలిసింది. ఆపైన వినడానికి కూడా గడియారం పెట్టారు.

అంతటితో ఆగలేదు. మన ఫోన్లు రికార్డు చేసి మిగతా డెస్కులవాళ్ళందరికీ పాఠంలా వినిపించారు. ఒడియావాళ్ళూ తమిళంవాళ్ళూ బెంగాలీలూ రోజూ అవే వినీ వినీ ఒక్క మాట పట్టుకున్నారు. పొద్దున్నే దాదా పిడికిలెత్తి "ఉంటానమ్మా!" అనేవాడు. అందరూ "ఉంటానమ్మా!" అని అరిచి కూర్చునేవారు. ఎందుకు అరుస్తున్నారో నేను అడగలేదు. ఆ ఆఫీసులో అర్థం కానివి చాలా ఉండేవి, అన్నీ అడిగితే ఎలా?

నీ ఉద్యోగం ఈ నెలాఖరుకి పక్కా అన్నారు. ఆ వారమే లిఫ్టు పక్కన మన ఇద్దరి ఫొటో పెద్దది పెట్టి, కింద ఏదో రాశారు.

"ఏటి రాశారే?"

"కస్టమరు అన్న మాటంట. మీ మిషనుకి సెల్యూట్, నేను ఉండిపోతాను, అని."

"ఎవరన్నారే అంత మంచి మాట?"

నేను మళ్ళీ మనసులో అనుకున్నాను. మిషనుకి సెల్యూట్. మిషనుకో దండం. ఉండిపోతాను. ఉంటానమ్మా. లిఫ్టు వచ్చింది, తలుపు తెరుచుకుంది, మూసుకుంది, వెళ్ళిపోయింది.

"సర్వనాశ్!" అన్నావు. బెంగాలీలో అన్నా తెలుగులో అన్నా ఒకటే, నాశనమే.

ఫోన్ పెట్టేసేటప్పుడు తెలుగువాడు ఉంటాననే కదా అంటాడు, పోతానంటాడా? పోతానని అనకూడదని తల్లి కడుపులోనే నేర్చుకుని వస్తాడు. మనల్ని తిట్టి, దండం పెట్టి, రద్దు చేసుకున్నవాళ్ళందరినీ ఆ మాయ ఉండిపోయిన ఖాతాలో వేసేసింది.

"దాదాకి చెప్పేద్దామా?" అన్నాను.

"పక్కా అవనీ అమ్మమ్మా. ఒక్కసారి పక్కా అవనీ."

సరే అన్నాను. ఆ రోజు నుంచి నువ్వు తింటున్న ఆ కాస్త అన్నం కూడా మానేశావు.

నెలాఖరుకి పెద్ద మేడమ్ స్వయంగా వచ్చింది. హాలు నిండా బెలూన్లు. హెచ్ఆర్ పిల్ల చేతిలో తెల్ల కవరు, అందులో నీ పక్కా ఉద్యోగం. అది ఇచ్చేముందు మేడమ్‌కి ఒక ముచ్చట పుట్టింది. ఆ దండం పెట్టిన కస్టమరుతో అందరి ముందూ మాట్లాడాలట. ఫోన్ కలిపి స్పీకర్‌లో పెట్టారు. ఆయన చెప్పింది నేను హిందీలో చెప్పాలి. నా హిందీ నీకు తెలుసు, డాక్ హిందీ, అందులో ఆడామగా తేడా లేదు.

"ఎవులు?" అంది ఫోను.

"నేనే బాబూ, కలకత్తా, నీళ్ళ మిషను ఆఫీసు."

"ఓలమ్మా, మల్లీ మీరేనా! బాగున్నావా తల్లీ?"

"పూఛ్తా హై, అచ్ఛా హై క్యా" అన్నాను. చప్పట్లు.

మిషను ఎలా ఉందో అడగమంది మేడమ్. అడిగాను.

"ఆ మిసనా? గోడనించి ఊడదీసి పెరట్లో పారీసినాం. మా ఇంటిది దానిమీదికి పొట్లపాదు పాకించీసింది. బెమ్మాండంగా కాసిందమ్మా, సేతులంత సేతులంత!"

మేడమ్ నావైపు చూస్తోంది. నేను నిన్ను చూశాను. నీ చూపు ఆ కవరు మీద ఉంది. ప్రభువా, అబద్ధం ఆడకూడదు, నిజమూ చెప్పలేను, మధ్యలో ఏదైనా చూపించు అనుకున్నాను. చూపించాడు.

"మేడమ్, బోల్తా హై, మిషీన్ ఆయా, ఘర్ మే సబ్జీ బహుత్ హువా." మిషను వచ్చింది, ఇంట్లో కూరగాయలు దండిగా కాశాయి అని.

"ఆరోగ్యకరమైన జీవితం!" అని మేడమ్ మురిసిపోయింది. మళ్ళీ చప్పట్లు.

"ఏటా సప్పుడు? పెల్లా?" అన్నాడు పెద్దాయన.

"అలాంటిదే బాబూ."

"కానియ్యండి, కానియ్యండి. ఆ రద్దు ఇంకా సెయ్యనేదు మీవోల్లు, బేగి సేసీమని సెప్పు. మరి ఉంటానమ్మా!"

ఆ ఒక్క మాటా హాలు మొత్తానికి తెలుసు కదా. బెంగాలీలు, ఒడియాలు, తమిళులు, సెక్యూరిటీవాడితో సహా అందరూ పిడికిళ్ళెత్తి, "ఉంటానమ్మా!" అని ఒక్క అరుపు అరిచారు. క్రికెట్టులో గెలిచినట్టు.

నీ భుజాలు కదిలాయి. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకున్నావు. పిల్ల ఏడుస్తోంది, అందరి ముందూ ఏడుస్తోంది అని నేను లేవబోయాను. అప్పుడు వేళ్ళ సందుల్లోంచి ఆ చప్పుడు వచ్చింది. చర్చి గేటు దాటినా వినబడే చప్పుడు. ఎన్నాళ్ళకి! కుర్చీలోంచి జారి కింద కూర్చుని, కడుపు పట్టుకుని నవ్వావు.

ఏమైందని మేడమ్ అడిగింది.

"మేడమ్," అన్నావు, ఊపిరి తీసుకుని మళ్ళీ నవ్వి, "మేడమ్, ఉంటాను అంటే... బై."

ఎవరికీ అర్థం కాలేదు. దాదా ఒక్కడే మాత్ర చేతిలో పట్టుకుని, నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు. తర్వాత మెల్లగా అన్నాడు: "మానే... ఆమాదేర్ ఆసి?"

అంటే మా ఆసి లాంటిదా అని. అదే మరి. బెంగాలీవాడు ఇంట్లోంచి వెళ్ళేటప్పుడు వెళ్తున్నానంటాడా? "ఆసి" అంటాడు, వస్తున్నానని. వెళ్తానని అంటే వాళ్ళ అమ్మ కూడా మన అమ్మలాగే నోటిమీద కొడుతుంది. ఒకరి తర్వాత ఒకరికి వెలిగింది. "ఆసి! ఆరే, ఆసి!" అని అటు చివర ఒకడు, ఇటు చివర ఒకతె. హాలంతా పడిపడి నవ్వారు. మెట్ల దగ్గర ఏడ్చిన అబ్బాయి బెలూన్ మీద వాలిపోతే అది టప్పున పేలింది, దానికి ఇంకోసారి నవ్వారు. హాజరు వేసుకోకుండా ఆనందం రావడం ఆ ఆఫీసులో అదే మొదలు.

మేడమ్ ఒక్కతే నవ్వలేదు. "అయితే ఎవరు ఉన్నట్టు?" అంది.

దాదా కళ్ళు తుడుచుకున్నాడు. "మిషను ఉంది మేడమ్. పెరట్లో."

తెల్ల కవరు హెచ్ఆర్ పిల్ల సంచీలోకి వెళ్ళిపోయింది. వారం తిరక్కుండా తెలుగు డెస్క్ తీసేశారు. తెలుగులో మాట్లాడే మిషను పెట్టారట. మనిద్దరి మెడల్లో తాళ్ళూ వెనక్కి తీసుకున్నారు. ఆ రోజు బస్సులో సాల్ట్ లేక్ దాటకముందే నా భుజం మీద తల పెట్టి నిద్రపోయావు. ఖిదిర్‌పూర్‌లో లేపితే, కళ్ళు తెరవకుండానే, "అమ్మమ్మా, ఎండుచేపల పులుసు వండుతావా?" అన్నావు. నేను బస్సులోనే స్తోత్రం చెప్పాను. నా ప్రార్థనలో సగం తీసేసి సగం ఇచ్చాడు. ఏ సగం కావాలని అడిగి ఉంటే నేనూ అదే చెప్పేదాన్ని.

ఇప్పుడు కళ్ళద్దాల దుకాణంలో నీకు జీతం తక్కువే. కానీ సాయంత్రం వచ్చి ఎవరికి ఏ అద్దాలు పెడితే గుడ్లగూబలా ఉన్నారో చేసి చూపిస్తావు. దాదా మాత్రం అక్కడే ఉన్నాడు, మాత్రలూ ఉన్నాయి. అప్పుడప్పుడు ఫోన్ చేస్తాడు. ఇప్పుడు ఆ ఆఫీసులో ఎవరు ఉద్యోగం మానేసినా పెట్టె సర్దుకుని, గుమ్మం దగ్గర నిలబడి "ఉంటానమ్మా" అని వెళ్తున్నారట.

ఇంకొక్కటి రాసి ఆపు, వేళ్ళు నొప్పెడతాయి నీకు. వచ్చేసే రోజున హెచ్ఆర్ పిల్ల నాకు నమస్కారం పెడితే, అలవాటు కొద్దీ నేను నా హిందీలో "హమ్ ఆతా హై, బేటీ" అన్నాను. వస్తానమ్మా అని. పాపం ఆ పిల్ల రాసుకుంది. మొన్న ఫోన్ చేసింది. తెలుగు మిషను సరిగ్గా మాట్లాడటం లేదట, మీరు మళ్ళీ వస్తానన్నారు కదా, ఎప్పుడు వస్తారు అని.

నేను ఆ పిల్ల క్షేమం అడిగాను. అన్నం తింటున్నావా అని అడిగాను. తర్వాత, "ఉంటాను తల్లీ" అని ఫోన్ పెట్టేశాను.

అక్కడ ఏం రాసుకుందో ఏమో.